పటములో లేని ఊరు



గడచిన కోత పండుగకు ఎల్లారెడ్డి దాపున ఉన్న ఒక గ్రామ సంఘమువారు మమ్మును పిలిచారు. ఉదయమే కామారెడ్డిలో బస్సు ఎక్కి, లింగంపేట మీదుగా వెళ్ళాము. ఆరాధన ముగిసినది. సంఘస్థులు తెచ్చిన వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, కోళ్ళు వేలము వేశారు. తరువాత సంఘ పెద్ద ఒకరి యింట అందరికి భోజనము. పెరటిలో మూడు రాళ్ళ పొయ్యి మీద ఒక పెద్ద రాగి డేగిశలో బగార అన్నము ఉడుకుచున్నది. ఆ డేగిశను జ్ఞాపకముంచుకొనండి. దానిని గూర్చి తరువాత చెప్పెదము.

విస్తళ్ళు వేయకముందే ఇంటి యజమాని మా యెదుట ఒక ఫిర్యాదు పెట్టాడు.

"అయ్యగారూ, మా పెద్దోనికి మీరన్న జెప్పుండ్రి. కామారెడ్డి హాస్టల్ల ఉండి ఇంటరు సదువుతుండు. ఇంటికొస్తే పాఠం పుస్తకం ముట్టడు. గా సముద్రపు దొంగల బొమ్మల పుస్తకం పట్టుకొని మూలకు కూసుంటడు. అండ్ల అంత నరుకుడు, చంపుడే."

పిల్లవాడు తల వంచుకొన్నాడు. పదిహేడేండ్ల వాడు. పుస్తకము ఏదీ, చూపించుమని అడిగాము. స్నేహితుని దగ్గర అడిగి తెచ్చుకొన్నదట. నలుపు తెలుపు బొమ్మలు, ఇంగ్లీషు మాటలు. మనము పుస్తకము ముగించు వైపు నుండి మొదలుపెట్టి, కుడి నుండి ఎడమకు చదవవలెను. దాని పేరు 'వన్ పీస్'. జపాను దేశపు చిత్రకారుడు ఐఇచిరో ఓడా 1997లో ఒక వారపత్రికలో దీనిని ఆరంభించాడు. నేటికిని ముగియలేదు. నూరు సంపుటములు దాటినది. లోకమంతట 50 కోట్లకు పైగా ప్రతులు వెళ్ళినవి. గడ్డిటోపీ పెట్టుకొన్న లూఫీ అను కుర్రవాడు, అతని ఓడలోని తోటివారు, వారి సముద్ర ప్రయాణములు, ఇదీ కథ.

చెడ్డ పుస్తకములను గూర్చి పిల్లలకు చెప్పు బుద్ధిమాటలు మా నోటి దాకా వచ్చినవి. ఎందుచేతనో ఆగి, "ఇందులో నీకు నచ్చిన భాగమేది, బాబూ?" అని అడిగాము. కొట్లాట బొమ్మలు చూపించునని అనుకొన్నాము. వాడు ఒక ద్వీపము బొమ్మ తీసి చూపించాడు.

దాని పేరు గాడ్ వ్యాలీ. ఆ కథాలోకములో అందరికంటె పైన కూర్చున్న ప్రభువులు కొందరున్నారు. వారు మూడేండ్లకొకసారి ఏదో ఒక దిక్కులేని దేశమును ఏర్పరచుకొని, అక్కడి ప్రజలను మృగములవలె వేటాడి, ఎవరెందరిని చంపిరో లెక్కపెట్టి బహుమతులు పంచుకొందురు. ఆ సంవత్సరము ఆ ద్వీపము వంతు. ఇంతలో పేరుమోసిన ఓడదొంగలు వచ్చిపడగా యుద్ధమైనది. ఆ దినముతో ఆ ద్వీపము పటములోనే లేకుండ పోయినది. ప్రభుత్వము వ్రాయించిన చరిత్రలో మాత్రము ఒక వీరుడు దుష్టుడైన దొంగను ఓడించి ప్రభువులను కాపాడెనని ఉన్నది. చచ్చిన ప్రజల మాట లేదు. ఈ సంగతి గ్రంథకర్త ముప్పది యెనిమిది యేండ్ల క్రిందటి ముచ్చటగా వెనుకకు వెళ్ళి చూపుచున్నాడు. వారపత్రికలో 2023లో ఒకమారు, 2025లో ఇంకను విస్తారముగా చూపించాడు.

"అండ్లకెల్లి బతికి బయటపడ్డ ఒక చిన్నపిల్లగాడు ఉంటడు అయ్యగారూ" అన్నాడు పిల్లవాడు. "కూమా వాని పేరు. పెద్దగయినంక ఒక పాడుబడ్డ చర్చిల ఉంటడు. ఆదివారం ఆదివారం ముసలోళ్ళు వస్తే ఆళ్ళ నొప్పులు చేతితోని తీసేస్తడు. తీసిన నొప్పి యాడికి పోదు. ఎవ్వలు సూడకుంట తనే తన పెయ్యిలకు తీసుకుంటడు."

మేము మాటలాడలేదు. తండ్రియు మాటలాడలేదు.

"ఆ ఊరు పటంలనే లేదు. చంపినోళ్ళే పటం గీస్తరు గద. ఇది కథే గని... మన దిక్కు ఇట్ల యాడన్న అయిందా అయ్యగారూ?"

ఆ ప్రశ్నకు జవాబు మా దగ్గర నుండి రాలేదు. వసారాలో మంచము మీద పడుకొన్న అవ్వ దగ్గర నుండి వచ్చినది. ఆమె ఇంటి యజమానికి నాయనమ్మ. ఎనుబది అయిదు దాటినవి. చెవులు బాగుగానే వినబడును.

"ఎందుకు గాలే? రెండుసార్లయింది."

ఆమె పుట్టిన ఊరు ఇక్కడిది కాదు. జుక్కల్ దాటి బీదరు దిక్కున, నేడు కర్ణాటకలో ఉన్నది. ఆ సంవత్సరము ఆమె ఏడెనిమిదేండ్ల పిల్ల.

"ఎండకాలంల రజాకార్లు వస్తున్నరని రాత్రికి రాత్రి ఊరిడిసినం. మా అమ్మ నా నోరు మూసి ఎత్తుకొని ఉరికింది. చేన్లల్ల పండుకున్నం. వచ్చి సూస్తే ఇండ్లు బుగ్గయినయి. గది ఒకటి. వానలు ఎనక్కు పట్టినంక మిలిట్రీ వచ్చింది. అప్పుడు ఉరుకుడు వాళ్ళ వంతయింది. మా గల్లీల కలాయి పోసెటాయన ఉండె. ఆయన పెండ్లాం నాకు బెల్లం పెడుతుండె. వాళ్ళు రజాకార్లు గాదు, ఏం గాదు. పొయ్యిలున్న నిప్పు అట్లనే ఇడిసి పోయిండ్రు. మల్ల రాలే."

పాఠకులారా, అవ్వ చెప్పిన రెండు సంగతులకును చరిత్రలో తేదీలున్నవి. పిల్లలు అడిగినప్పుడు మీరును చెప్పగలుగునట్లు వాటిని ఇక్కడ క్రమముగా వ్రాయుచున్నాము.

1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు మన ప్రాంతమునకు రాలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, నిజామాబాదు అన్నియు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలించిన హైదరాబాదు సంస్థానములో ఉండేవి. అది పదహారు జిల్లాల సంస్థానము. తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రజలు అందులో ఉండేవారు. సంస్థానము భారతదేశములో కలియరాదని పట్టుబట్టినవారిలో ఖాసిం రజ్వీ ముఖ్యుడు. లాతూరులో వకీలుగా ఉన్నవాడు. అతని వెనుక నడిచిన దళములే రజాకార్లు. దొరల వెట్టికి ఎదురు తిరిగిన రైతుల గ్రామముల మీదను, భారతదేశములో కలియవలెనని జెండా ఎత్తిన గ్రామముల మీదను రజాకార్లు, నిజాము పోలీసులు పడ్డారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎత్తుటకు చేరిన జనము మీద కాల్పులు జరిగి అనేకులు చనిపోయారు. 1948 మే నెలలో బీదరు జిల్లా గోర్టా గ్రామము మీద దాడి జరిగినది. అవ్వ తల్లి బిడ్డ నోరు మూసి పరుగెత్తినది అటువంటి దినములలోనే.

భైరాన్‌పల్లి పేరు మీలో అనేకులు విన్నారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది. ఆ ఊరిలో ఎత్తైన బురుజు ఒకటి కలదు. గ్రామస్థులు దాని మీద కావలి ఉండి, నాటు తుపాకులతో రజాకార్లను మొదట తరిమికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాము బలగములతో కలిసి తిరిగి వచ్చారు. బురుజు మీద ఫిరంగులు ప్రయోగించారు. ఊరిలో పట్టుబడిన మగవారిని వరుసగా నిలువబెట్టి కాల్చారు. ఒక్క దినమున తొంబది మందికి పైగా ప్రాణములు విడిచారు. దెబ్బలు తిన్న ఆ బురుజు నేటికిని నిలిచి ఉన్నది. ఆగస్టు 27న వారిని జ్ఞాపకము చేసుకొనుచున్నారు.

ఆ తరువాత మూడు వారములైనను కాకముందే, సెప్టెంబరు 13న భారత సైన్యము సంస్థానములో ప్రవేశించినది. దీనినే పోలీసు చర్య అందురు. 17వ తేదీకి నిజాము లొంగిపోయాడు. మనకు స్వేచ్ఛ వచ్చినది. ఇంతవరకు అందరు చెప్పుదురు. ప్రతి సెప్టెంబరు 17న జెండా వందనములలో, ఉపన్యాసములలో చెప్పుదురు. చెప్పవలెను కూడ.

అవ్వ చెప్పిన రెండవ సంగతి ఆ తరువాతిది. సైన్యము వచ్చిన దినములలోను, తరువాత కొన్ని వారముల వరకును సంస్థానములో పలుచోట్ల ముస్లిములను చంపారు, దోచారు, స్త్రీలను ఎత్తుకొనిపోయారు. రజాకార్లు చేసినదానికి రజాకార్లు కానివారు బదులు చెల్లించవలసి వచ్చినది. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఈ సంగతి తెలిసికొని రమ్మని ఒక బృందమును పంపించాడు. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో ఉన్నారు. 1948 నవంబరు చివరి నుండి డిసెంబరు వరకు వారు తొమ్మిది జిల్లాలు తిరిగారు. 109 గ్రామములకు చెందిన 500 మందికి పైగా మనుష్యులతో మాటలాడారు. చనిపోయినవారు 27,000 నుండి 40,000 వరకు ఉందురని వారి అంచనా. మిక్కిలి ఘోరముగా దెబ్బతిన్న జిల్లాలు నాలుగు: ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఈ చివరి రెండును మనకు ఎంత దూరము? మన మద్నూరు, జుక్కల్ పొలిమేర దాటితే ఆ జిల్లాలే.

ఆ నివేదికలో మరియొక మాట కలదు. ఒకే వృత్తి చేయువారి మధ్య స్నేహము చెడలేదట. హిందువులైన నేతగాండ్రు ముస్లిములైన నేతగాండ్రను కాపాడుటకు తమ మతస్థులతోనే పోరాడి, ప్రాణములు సహితము పోగొట్టుకొన్నారట. అంత చీకటిలోను ఇటువంటి దీపములు వెలిగినవి. ఈ నివేదికను ప్రభుత్వము అచ్చు వేయించలేదు. ఢిల్లీ గ్రంథాలయములో సామాన్యులు చూచుటకు వీలైనది 2013లో. అరువదియైదు సంవత్సరములు! చంపబడినవారి కుటుంబములలో ఎందరు ఆ కాగితము చూడకయే కన్ను మూసి ఉందురో ఆలోచించండి. వారి కోసము ఏడ్చిన కన్నీరు దొంగచాటుగా ఏడ్చినదే.

ఆ బొమ్మల పుస్తకములో ఒహారా అను మరియొక ద్వీపమున్నదని పిల్లవాడు చెప్పాడు. అక్కడి పండితులు నిషేధింపబడిన చరిత్రను పరిశోధించిరని ప్రభుత్వము ఆ ద్వీపమును కాల్చివేయును. చావబోవు పండితులు తమ ప్రాణములు దాచుకొనుటకు చూడక పుస్తకములను చెరువులోనికి విసరివేయుదురు, నీటిలోనైన మిగులునని. మేము వానికి మన నిజామాబాదు ఖిల్లా జైలు సంగతి చెప్పాము. దాశరథి కృష్ణమాచార్యులను నిజాము ప్రభుత్వము 1948లో ఆ జైలులో పెట్టినది. కాగితము లేదు, కలము లేదు. ఆయన బొగ్గుముక్కతో గోడ మీద పద్యములు వ్రాశాడు. నిజము చెరువు అడుగున ఉండును, జైలు గోడ మీద ఉండును. వెదకువాడు రావలెను, అంతే.

ఇప్పుడు డేగిశ సంగతి.

భోజనములైనవి. ఇంటి కోడలు చింతపండు, బూడిద తీసుకొని డేగిశ తోమబోయినది. అప్పుడు అవ్వ మంచము మీద లేచి కూర్చొని, "అది గూడ వాళ్ళదే" అన్నది.

ఎవరికిని అర్థము కాలేదు.

"కలాయి ఆయనది. వాళ్ళు పోయినంక మా అయ్య తెచ్చిండు. 'దాచినం, వస్తే ఇద్దాం' అంటుండె. దాచినోళ్ళు ఎదురుచూడాలె గద. మేం ఎదురుచూళ్ళే. నా పెండ్లికి సారెల పెట్టి పంపిండ్రు."

ఇంటి యజమాని ముఖము ఎర్రబడినది. "ఇప్పుడెందుకే అవ్వా గా ముచ్చట, ఇంత మందిల?" అన్నాడు. సంఘస్థులు ఇంకను పెరటిలోనే ఉన్నారు. ఆ సంఘములో ప్రతి కోత పండుగకు, ప్రతి క్రిస్మసుకు వంట ఆ డేగిశలోనే. ఆ దినమున మేమును అందులో వండినదే తిని దేవునికి స్తోత్రము చెల్లించి ఉన్నాము. నిజము చెప్పవలెనంటే, అవ్వ ఆ మాట మేము వెళ్ళిపోయిన తరువాత చెప్పి ఉంటే బాగుండునని మాకును ఒక్క క్షణము తోచినది. మా నోట మాట రాలేదు.

పిల్లవాడు మాత్రము లేచి వెళ్ళి డేగిశను తిరగవేశాడు. అంచు క్రింద చిన్న చిన్న పోట్లతో గీసిన గీతలున్నవి. ఇన్ని సంవత్సరములు ఇంటిలోనివారు అవి తీగల నగిషీ అనుకొన్నారు. వాడు దగ్గర పెట్టుకొని చూచి, "ఇది పువ్వు గాదు, ఉర్దూ" అన్నాడు. సెల్‌ఫోనులో ఫోటో తీసుకొన్నాడు. సోమవారము హాస్టలుకు వెళ్ళినప్పుడు కామారెడ్డిలో ఉర్దూ చదువ వచ్చిన ఒక ముసలి దర్జీకి చూపించాడు. ఆయన అద్దములు పెట్టుకొని చదివాడు. ఒక మనుష్యుని పేరు, వారి లెక్క ప్రకారము ఒక సంవత్సరము. పెండ్లికో పండుగకో కొని చెక్కించుకొని ఉందురు. ఎవరిదని ఆయన అడిగినప్పుడు పిల్లవాడు దాచక అంతయు చెప్పాడట. ఆ ముసలాయన కొంతసేపు కుట్టుమిషను మీద చేయి పెట్టి ఊరకున్నాడట. తరువాత, "పేరన్న మిగిలింది బేటా" అని, వానికి చాయ్ తెప్పించి త్రాగించాడట.

మూడు తరములవారు చింతపండుతో తోమి తోమి మెరిపించిన పేరు అది. పటములో నుండి ఊరు పోవుటకు గొప్ప ప్రభువులే కావలెనని లేదు. మంచివారమైన మనము, ఆరాధనకు క్రమముగా వెళ్ళు మనము, ఊరక తోముచు ఉంటే చాలును.

ఆ దినము నుండి ఈ విషయము మమ్మును విడువలేదు. మీతో కూడ పంచుకొనుటకు కారణమిది.

మన సంఘములకు కూడ ఇట్టి గాయములున్నవి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, కొందరిని గోనెసంచులలో కట్టి కాలువలో పడవేశారు. వారిలో కొందరి పేర్లు మన బైబిలులోని పేర్లే. వారిని ఊరి నడుమనే పాతిపెట్టి ఆ స్థలమునకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. ఆ గ్రామములోనే ఏర్పరచిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించినది. 2014లో హైకోర్టు ఆ తీర్పు కొట్టివేసి అందరిని విడిచిపెట్టినది. అయినను సమాధులు ఊరి నడుమనే ఉన్నవి. ఆ దారిన పోవువారెవరును ఏమియు జరుగలేదని అనలేరు. మన మృతులను లోకము మరువరాదని మనము కోరుచున్నాము. అది న్యాయమైన కోరిక. అయితే కలాయి పోయు ఆయన కుటుంబమును గూర్చి అదే కోరిక ఎవరైనను కోరితే మన జవాబేమి?

సగము జ్ఞాపకము ప్రమాదకరము. భైరాన్‌పల్లి మాత్రమే చెప్పి, తరువాతి వారములను చెప్పకపోతే అది పగ పెంచుటకు పనికివచ్చును. తరువాతి వారములను మాత్రమే చెప్పి భైరాన్‌పల్లిని దాచితే అదియు అంతే. ఓట్ల కాలములో ఎవరి సగము వారు మైకులో చెప్పుకొనుట మనము చూచుచునే ఉన్నాము. అవ్వ ఒక్కతే ఆ రెండు సగములను ఒక్క ఊపిరిలో చెప్పినది. ఎందుకనగా రెండును ఆమె గల్లీలోనే జరిగినవి. నోరు మూసి ఎత్తుకొని పరుగెత్తిన తల్లియు ఆమెకు కావలెను, బెల్లము పెట్టిన పొరుగింటి ఆమెయు కావలెను.

సమూయేలు రెండవ గ్రంథము ఇరువది యొకటవ అధ్యాయములో రిస్పా అను తల్లి ఉన్నది. చంపబడిన తన కుమారులిద్దరి శవములకు మాత్రమే ఆమె కావలి కాయలేదు. మరి అయిదుగురు కూడ అక్కడ పడి ఉన్నారు. వారు వేరొక తల్లి బిడ్డలు. కోతకాలము మొదలు వర్షము పడు దాక బండ మీద గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి మృగములను ఆ యేడుగురి మీదికిని రానియ్యలేదు. ఆమె చేసినది విని రాజైన దావీదు కదిలాడు. ఎముకలు సమాధి చేయించాడు. ఒక విధవరాలు కావలి కాసినందున రాజు తన కర్తవ్యము నెరవేర్చవలసి వచ్చినది. ఆ యేడుగురిలో నా బిడ్డలెవరు, ఇతరుల బిడ్డలెవరు అని ఆమె లెక్క చూడలేదు.

కాబట్టి పాఠకులారా, మూడు మనవులు చేయుచున్నాము.

మొదటిది, మీ యింటిలో ఎనుబది దాటిన పెద్దలుంటే వారి ప్రక్కన కూర్చొని అడగండి. 1948ని కన్నులార చూచినవారు ఇక కొద్దిమందే ఉన్నారు. "పాత ముచ్చట ఎందుకు" అని వారి నోరు మూయకండి. వారు చెప్పినది ఒక నోటు పుస్తకములో పిల్లలచేత వ్రాయించండి. ఊరి పేరు, మనుష్యుల పేర్లు, వారు చేయు పని, తెలిసినంతవరకు వ్రాయండి.

రెండవది, వినునప్పుడు మనవారు పడిన కష్టము మాత్రమే కాక, మనవారు చేసినది కూడ అడగండి. ఇది కష్టము. జక్కయ్య తన యింట ప్రభువు బస చేయ వచ్చిన దినముననే తాను అన్యాయముగా తీసికొన్నదానిని గూర్చి నోరు విప్పాడు. మన యిండ్లలో మనము తిని లేచిన పాత్రను గూర్చియే ఆ మాట రావచ్చును.

మూడవది, పిల్లల చేతిలో తెలియని పుస్తకము చూచినప్పుడు లాగుకొనక ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆ జపాను పుస్తకము చిన్న పిల్లలకు తగినదని మేము చెప్పుట లేదు. రక్తము, కొట్లాట అందులో చాల ఉన్నవి. కాని మన ఉపన్యాసములు అడుగని ప్రశ్నను అది ఆ పిల్లవానిచేత అడిగించినది. వాడు అడుగకుంటే అవ్వ చెప్పి ఉండదు.

ఆ డేగిశ ఏమైనదని మీరు అడుగుదురు. యజమాని కొన్ని దినములు మాతో సరిగా మాటలాడలేదు. తరువాత కుమారుని తీసుకొని తానే అవ్వ పుట్టిన ఊరికి వెళ్ళాడు. అక్కడి మసీదు దగ్గర పెద్దలను అడిగాడు. ఆ పేరుగల వంశమువారు హైదరాబాదు చేరిరని ఒకరన్నారు, ఎవరును మిగులలేదని మరియొకరన్నారు. ఇంకను తెలియలేదు. వెదకుచునే ఉన్నారు. అందుచేతనే ఆ పేరు మేము ఇక్కడ అచ్చు వేయలేదు. నిజముగా అడుగవలసినవారు వచ్చి అడిగితే ఆ పేరు వారే చెప్పగలరు.

క్రిస్మసుకు సంఘమువారు వంటకు అల్యూమినియము గిన్నెలు కిరాయికి తెచ్చుకొన్నారు. ఎవరును ఏమియు అనలేదు. రాగి డేగిశ ఇప్పుడు అవ్వ మంచము క్రింద బోర్లించి ఉన్నది. క్రితము మాసము మేము వెళ్ళినప్పుడు ఆమె దాని అంచు మీద వ్రేళ్ళతో ఆ అక్షరములను తడుముచు కూర్చొని ఉన్నది. చదువ రాదు. ఏ భాషయు రాదు.

"ఏమవ్వా, ఎట్లున్నవు?" అని అడిగాము.

"మంచిగున్న" అన్నది. "ఇగ ఇప్పుడు దాచిన."